మా టేబుల్ మధ్య ప్లైవుడ్

మా టేబుల్ మధ్యలో ప్లైవుడ్ చెక్క నిలబెట్టించి, నాలుగు మేకులు కొట్టించి, దాని మీద ‘నిశ్శబ్దం పాటించండి, ఏకాగ్రత పెరుగుతుంది’ అని ప్రింటు తీసిన కాగితం అంటించి, మా కొత్త మేనేజరు చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఎవరి ఏకాగ్రత పెరుగుతుందో ఆ కాగితంలో లేదు. మా ఇద్దరిదీ మాత్రం ఆ రోజుతో మట్టికొట్టుకుపోయింది.

కోపంగా ఉన్నప్పుడు నేను ఏదీ వరసగా చెప్పలేను. కోపం లేనప్పుడూ చెప్పలేననుకోండి, అయినా ప్రయత్నిస్తాను.

మాది కళ్ళజోళ్ళు తయారుచేసే వర్క్‌షాపు. ముందువైపు అద్దాల తలుపులు, మెత్తటి కుర్చీలు ఉన్న షోరూం. వెనక పొడుగాటి గదిలో నాలుగు టేబుళ్ళు, ఎనిమిదిమందిమి. మా దగ్గరికి ఒక్కో ప్లాస్టిక్ ట్రేలో ఒక ఫ్రేము, రెండు గుండ్రటి అద్దాలు, డాక్టరు రాసిన అంకెల చీటీ వస్తాయి. అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, బిగించి, పవరు సరిచూసి పంపాలి. వినడానికి ఇంతే. కానీ కొన్ని అద్దాలను ఎలా పడితే అలా బిగించడానికి కుదరదు. ఏ కోణానికి తిప్పి కూర్చోబెట్టాలో చీటీ మీద అంకె ఉంటుంది. దాన్ని యాక్సిస్ అంటాం. కుడికి డెబ్భై, ఎడమకి నూట పది అని ఉంటే అలాగే ఉండాలి. అటుదిటు అయిందంటే, పెట్టుకున్నవాళ్ళకి గోడలు ఒరిగి కనబడతాయి.

ఈ పనిలో నాకు పద్నాలుగేళ్ళు. అందరూ నన్ను మైకు అంటారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, నా నోట్లో నువ్వుగింజ నానదు.

నలభై ఏళ్ళ వయసులో నాకొక సంగతి తెలిసింది. అదీ నా గురించి వెళ్ళి తెలుసుకున్నది కాదు. మా అమ్మాయిని స్కూల్లో టీచరు “ఈ పిల్ల క్లాసులో ఉంటుంది కానీ ఉండదండీ” అని చెప్పి డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టరమ్మ కాగితం పట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తుందా? వస్తువులు పారేసుకుంటుందా? ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండానే జవాబు... ఆ ప్రశ్న పూర్తికాకుండానే నేను జవాబు చెప్పేశాను. డాక్టరమ్మ కలం కింద పెట్టి నన్ను చూసింది. “పాప గురించి తర్వాత మాట్లాడదాం. ముందు మీ సంగతి చెప్పండి” అంది. తల్లీకూతుళ్ళం ఇద్దరం ఏడీహెచ్‌డీ అనే మాట మోసుకుని ఇంటికొచ్చాం.

చెబితే మా ఆయన “దీనికి కూడా పేరు పెట్టారా!” అన్నాడు. మా అత్తగారు “మా రోజుల్లో దీన్ని అశ్రద్ధ అనేవాళ్ళం” అంది. ఆ మాట కొత్తదా నాకు? పుట్టినప్పట్నుంచీ అదే వింటున్నాను. అశ్రద్ధ, బద్ధకం, పరధ్యానం, బుద్ధి గడ్డి తినడం. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయిన ప్రతిసారీ నా గుణమే మంచిది కాదని ఇంట్లో తీర్పు వచ్చేది. పాలు పొంగితే కోపం రావచ్చు, కాదనను. కానీ పొంగితే స్టవ్వు తుడుచుకోవాలి. మనిషి పుట్టుకని తిట్టడమేంటి?

పిడుగు రెండేళ్ళ క్రితం మా దగ్గర చేరింది. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. మొదటి రోజు పొద్దున్నే ఎవరూ అడక్కుండా స్టూలెక్కి, ఆర్నెల్లుగా ఆగిపోయి ఉన్న గోడ గడియారం దించి, మా స్క్రూడ్రైవర్లతోనే విప్పి, మధ్యాహ్నానికల్లా నడిపించింది. తను చెయ్యాల్సిన ట్రేలు మాత్రం పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. అప్పటి మేనేజరు పెద్దాయన, మంచివాడు, ఇప్పుడు రిటైరైపోయాడు. ఆయన తల పట్టుకుని “ఏం పిడుగమ్మా నువ్వు!” అన్నాడు. ఆ పేరే ఖాయమైంది.

సాయంత్రం నేను పక్కన కూర్చుని “ఏమే, నీక్కూడానా?” అన్నాను. ఏంటి అని అడగలేదు పిడుగు. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

“ఎవరికీ చెప్పకక్కా.”

అంతకుముందు మందుల దుకాణంలో పనిచేసేదట. అక్కడ నిజం చెప్పిందట. వారం తిరక్కుండా కౌంటరు దగ్గర్నుంచి తీసేసి, అట్టపెట్టెలు మడిచే పనిలో వేశారట. “ఒక్క తప్పు కూడా చెయ్యలేదక్కా నేను. చేస్తానేమోనని తీసేశారు” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నేను ఇచ్చిన మాటల్లో అంత గట్టిగా ఇచ్చినది ఇంకోటి లేదు.

మా పని పద్ధతి మేం కూర్చుని ఆలోచించి కనిపెట్టింది కాదు. ఒక రోజు నాకు మధ్యాహ్నం దాకా ఒక్క ట్రే కదల్లేదు. చీటీ చూస్తాను, అంకె చదువుతాను, అద్దం తీసేలోగా ఆ అంకె ఎటో పోతుంది. మళ్ళీ చూస్తాను. ఎదురుగా కూర్చున్న పిడుగు “నాకు చెప్పక్కా, ఏం చేస్తున్నావో పైకి చెప్పు” అంది. చెప్పాను.

“కుడి అద్దం తీశాను.”

“ఊ.”

“మైనస్ రెండున్నర. యాక్సిస్ డెబ్భై.”

“డెబ్భై.”

“గుర్తు పెట్టాను.”

“ఊ. నేను ఎడమది అరగదీస్తున్నా.”

“ఊ.”

అంతే. మనసులో అనుకున్న అంకె మాకు ఆవిరైపోతుంది. పైకి అని, ఇంకొకరి నోట మళ్ళీ విన్న అంకె నిలబడుతుంది. ఒకరికి చూపు కిటికీ మీదికి పోతే రెండోవాళ్ళు టేబుల్ మీద వేలితో రెండుసార్లు కొడతారు. ఇలా ఎందుకవుతుందో డాక్టరమ్మ ఒకసారి వివరంగా చెప్పింది కానీ, ఆ సమయానికి ఆవిడ గదిలో ఫ్యాను ఒక రెక్క మిగతావాటికంటే కొంచెం వంగి ఉండటం నేను గమనిస్తున్నాను. కారణం నాకు తెలియదు. ఫలితం మాత్రం గోడ మీదే ఉంది. తప్పుగా చేసి తిరిగొచ్చిన జోళ్ళ లెక్క మా దగ్గర టేబుల్ వారీగా తెల్లబోర్డు మీద రాస్తారు. ఈ రెండేళ్ళలో మా టేబుల్ కింద ఎనిమిది. మా తర్వాత తక్కువ ఉన్న టేబుల్ కింద పందొమ్మిది. అయినా మా టేబుల్‌నే తిక్కవాళ్ళ టేబుల్ అనేవాళ్ళు. అననీ, నవ్వుకునేవాళ్ళం. తప్పు చేసినప్పుడు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఎవరేమన్నా నవ్వొస్తుంది. నాకు నలభై ఏళ్ళకి గాని అలాంటి మనిషి దొరకలేదు.

అప్పుడొచ్చాడు కొత్త మేనేజరు. పెళ్ళికి బయల్దేరినట్టుండే చొక్కా, చేతిలో ఎప్పుడూ ట్యాబ్లెట్టు. వారం రోజులు గదిలో అటూ ఇటూ తిరిగి, తిరిగి, మా దగ్గర ఆగాడు.

“ఏంటండీ ఈ కబుర్లు?”

“కబుర్లు కావండీ, పని” అన్నాను.

“పని చేతులతో చేస్తారు కదా?”

బోర్డు చూడమన్నాను. చూశాడు. “మాట్లాడుతూ చేస్తేనే ఎనిమిదంటే, మాట్లాడకుండా చేస్తే అవి కూడా ఉండవు” అన్నాడు. ఇది లెక్కట! పెద్ద చదువులు చదివినవాడి లెక్క! కాళ్ళతో నడిచేవాడిని చూసి, ఆ కాళ్ళు లేకపోతే ఇంకా తేలిగ్గా నడుస్తావని చెప్పడం ఎక్కడైనా ఉందా? మర్నాడు వడ్రంగి వచ్చాడు, ప్లైవుడ్ లేచింది.

మూడు వారాల్లో నావి ఐదు జోళ్ళు తిరిగొచ్చాయి. పిడుగువి ఆరు. చెక్క కింద సందులోంచి టేబుల్ మీద వేలితో కొట్టి చూశాం. అదీ చప్పుడేనని ఆపించాడు.

పిడుగువి తిరిగొచ్చిన ఆరింటిలో ఒకటి ఒక బస్సు డ్రైవరుది. ఆయన షోరూంలో గొడవపెట్టుకోలేదు. జోడు పట్టుకుని నేరుగా వెనక గదిలోకి వచ్చాడు, దారి తప్పినవాడిలా నిలబడ్డాడు.

“రోడ్డు ఎడమవైపుకి ఒరిగిపోయినట్టుందమ్మా. మూడు రోజులు సెలవు పెట్టేశాను. యాభైమంది ఎక్కుతారు కదా బండి.”

తిట్టినా బాగుండేది. పిడుగు ఆ జోడు తీసుకుని మిషను కింద పెట్టి చూసింది. కుడి ఎడమల యాక్సిస్‌లు తారుమారు. “కూర్చోండి, ఇప్పుడే చేసిస్తాను” అని ఆయన్ని నా స్టూలు తెప్పించి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. “నేనొక అంకె చెబుతాను, మీరు మళ్ళీ అదే అనండి బాబాయ్” అంది. “కుడి డెబ్భై.” “డెబ్భై” అన్నాడాయన బుద్ధిగా. “ఎడమ నూట పది.” “నూట పది.” మేనేజరు తలుపు దగ్గర నిలబడి పెదవి మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. పిడుగు చూడలేదు. కొనుక్కున్నాయన్ని నోరు మూసుకోమనలేక వేలు దించేశాడు. జోడు ఇరవై నిమిషాల్లో తయారైంది. ఆయన పెట్టుకుని, తలుపు చట్రాన్ని పైనుంచి కిందిదాకా చూసి, “నిటారుగా ఉంది” అన్నాడు. వెళ్ళేటప్పుడు పిడుగుకి దణ్ణం పెట్టాడు, అది ఆమెకి ఇంకా కష్టమైంది.

మర్నాడు ఆమె చేతికి కాగితం వచ్చింది. సోమవారం ఓనరమ్మ ముందు హాజరై సంజాయిషీ ఇవ్వాలి, ఉద్యోగం ఉంచాలో తీసేయాలో ఆ రోజే తేలుతుంది.

“నేను చూసుకుంటానక్కా. నువ్వేం కల్పించుకోకు” అంది పిడుగు. ట్రే సర్దుకుంటూ, “రెండేళ్ళు ఒకచోట నిలబడటం నా జన్మలో ఇదే మొదటిసారి” అని కూడా అంది. ఏడేళ్ళలో ఐదు చోట్ల పనిచేసిన పిల్ల. ఈ ఉద్యోగం పోతే ఆరోది వెతుక్కునే ఓపిక తనలో లేదని నాకు తెలుసు. ఇంకో చోట మొదటి నుంచి మొదలుపెట్టి, అక్కడా ఇదే అయితే, ఇక తన మీద తనకే నమ్మకం పోతుంది.

కల్పించుకోవద్దంది కదా? శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు గదిలోకి వెళ్ళాను.

ఒట్టేసి చెబుతున్నాను, ప్లైవుడ్ గురించి అడుగుదామనే వెళ్ళాను. నెమ్మదిగానే మొదలుపెట్టాను. నాకు ఏడీహెచ్‌డీ ఉందని, డాక్టరు కాగితం కూడా ఉందని, పైకి చెప్పుకుంటూ చెయ్యడం మాకు అలవాటు కాదు, అవసరమని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని నవ్వాడు.

“అందరికీ కాస్తో కూస్తో ఉంటుందండీ అది. నేను కూడా బండి తాళాలు ఎక్కడ పెట్టానో మర్చిపోతుంటాను.”

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఎవరికి చెప్పినా ఇదే తాళాల కథ. కాలు విరిగినవాడితో “నాకూ అప్పుడప్పుడు మోకాలు నొప్పి పెడుతుంది” అని ఎవరూ అనరు. మాతో మాత్రం అంటారు, పైగా మమ్మల్ని ఓదార్చామనుకుంటారు. ఆయన తాళాలు దొరుకుతాయి. నాకు తాళాలతో పాటు పరువు కూడా పోయింది, చిన్నప్పట్నుంచీ, రోజుకి కొంచెం. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. అయినా ఊరుకున్నాను. అక్కడే లేచి వచ్చేసినా బాగుండేది.

“సరే, మీకేదో ఉంది, ఒప్పుకుంటాను. సీనియర్లు కదా, మీ వరకైతే చూసీ చూడనట్టు పోవచ్చు. ఆ అమ్మాయికేం రోగం? ఆ అమ్మాయిది ఒట్టి పొగరు.”

“ఆ అమ్మాయికీ అదే ఉందండీ! నాకంటే ఎక్కువుంది!”

నోట్లోంచి వచ్చాక నాకు వినబడింది. ఆయన ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. ట్యాబ్లెట్టు దగ్గరికి లాక్కుని ఏదో టైపు చేసుకున్నాడు. “ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. అలాంటప్పుడు కళ్ళ పనిలో ఉంచడమే రిస్కు కదండీ” అన్నాడు, ఎంతో మర్యాదగా.

బయటికొచ్చి నా స్టూలు మీద కూర్చున్నాను. చెక్కకి అవతల పిడుగు అద్దం అరగదీస్తున్న చప్పుడు వినబడుతోంది. లేచి వెళ్ళి చెప్పాలి. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూ రెండు గంటలు గడిపాను. ఊళ్ళో వాళ్ళ సంగతులన్నీ ఉండబట్టలేక చెప్పేసే నా నోరు అప్పుడు మాత్రం చక్కగా మూసుకుపోయింది. నాలుగింటికి ఆమెని ఆఫీసు గదిలోకి పిలిచారు. నాలుగుంబావుకి బయటికొచ్చింది. నన్ను చూడకుండా సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

బస్టాపు దగ్గర పట్టుకున్నాను.

“ప్యాకింగ్‌లో వేస్తారట, దయతో” అంది. గొంతు మామూలుగానే ఉంది. “అట్టపెట్టెలు మడవాలి. ఈసారి కాస్త చిన్న పెట్టెలు.”

“నేను నీ కోసమే వెళ్ళానే...”

“నా కోసం వెళ్ళావేమో. చెప్పింది నా కోసం కాదు. నీ కోపం పట్టలేక చెప్పావు.”

“నోరు జారింది. మనకి అలా అవుతుంది కదే, నీకు తెలీదా...”

“మనకి అనకు!” ఈసారి అరిచింది. బస్టాపులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. “నాకూ జారుతుంది నోరు. నీ విషయం ఒక్కటి జారిందా ఈ రెండేళ్ళలో? ఒక్కటి చెప్పు!”

జారలేదు. నావి కనీసం పది ఉన్నాయి ఆమె దగ్గర. మా ఆయనకి తెలియనివి కూడా ఉన్నాయి. ఆ పదింటినీ ఆమె ఎలా దాచి ఉంచిందో, అందుకు ఎంత కష్టపడిందో నాకెప్పుడూ తట్టలేదు.

“నన్ను చూసి అందరూ, ఈ పిల్లకి ఏం తెలుసులే, మేం చూసుకుంటాంలే అంటారు. నువ్వు కూడా అదే చేశావక్కా. కనీసం అడగలేదు.”

బస్సు వచ్చింది, ఎక్కేసింది.

ఆ శనివారమంతా నేను అందరినీ తిట్టుకున్నాను. మేనేజరుని, మందుల దుకాణం వాళ్ళని, మా అత్తగారిని, చిన్నప్పుడు నన్ను తరగతి బయట నిలబెట్టిన లెక్కల టీచరుని. ఎంత తిట్టినా తిట్లు మిగిలాయి, అవి ఎవరివో నాకు తెలుసు. ఏడీహెచ్‌డీ నా నోరు తెరిపించి ఉండొచ్చు. రెండు గంటలు ఆ నోరు మూసుకుని కూర్చున్నది మాత్రం నేనే. పాలు పొంగించింది నేను, స్టవ్వు ఇంకెవరు తుడుస్తారు?

ఆదివారం ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది.

“తప్పు చేశానే” అన్నాను.

“ఊ.”

“ఈసారి అడుగుతున్నాను. రేపు నన్నేం చెయ్యమంటావు?”

అవతల గిన్నెల చప్పుడు వినబడింది. ఫోన్ పక్కన పెట్టి ఇంకో పనిలో పడిపోయిందేమో అనుకున్నాను. మా మధ్య అలా జరగడం కొత్తేం కాదు.

“వచ్చి కూర్చో. నేనే మాట్లాడతాను. నువ్వు నోరు విప్పకు. నేను తడబడినా, ఆయనేమన్నా, ఆకాశం ఊడిపడినా.”

“మాట్లాడకుండా నేనెందుకే అక్కడ?”

“పక్కన మనిషి ఉంటే నాకు మాట నిలబడుతుంది.” ఫోన్ పెట్టేసే ముందు, “ఇంకెవరూ దొరకలేదు” అంది.

సోమవారం పదకొండింటికి పైగదిలో కూర్చున్నాం. ఓనరమ్మకి అరవై దాటాయి, మాట తక్కువ. మెడలో గొలుసుకి వేలాడుతున్న ఆవిడ జోడు మా టేబుల్ మీద తయారైనదే. ఆ మాట చెప్పాలనిపించింది, మింగేశాను. అది మొదటిది.

మేనేజరు పావుగంట మాట్లాడాడు. తనకి ఎవరి మీదా ద్వేషం లేదన్నాడు. జబ్బు ఉన్నవాళ్ళంటే జాలేనన్నాడు. వాళ్ళ మంచికే తేలికైన పని ఇద్దామంటున్నానన్నాడు. ఒక్కో వాక్యానికీ నా దగ్గర నాలుగేసి జవాబులు లేచి నిలబడ్డాయి. పళ్ళు బిగించి, కుర్చీ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాను. విజిల్ వెయ్యకుండా ఆపేసిన కుక్కరులా ఉంది నా పరిస్థితి.

తర్వాత పిడుగు మొదలుపెట్టింది.

“నాకు ఏడీహెచ్‌డీ ఉంది మేడమ్. ఇది నేను చెప్పాల్సిన మాట. వేరేవాళ్ళు ముందే చెప్పేశారు.”

నేను తల దించుకున్నాను.

“డ్రైవరుగారి జోడు తప్పు చేసింది నేనే. దానికి ఇంకెవర్నీ అనను. ఆయన మూడు రోజులు పని మానుకున్నాడు నా వల్ల.”

ఇంకెవర్నీ అననంటావేంటే, ఆ ప్లైవుడ్ పెట్టినవాడిని అను! అని నా లోపల కేకలు. పెదవి కొరుక్కున్నాను.

“కానీ నేను చెప్పాలనుకున్నదేంటంటే...”

ఆగిపోయింది. ఆమె కళ్ళు ఓనరమ్మ భుజం మీదుగా గోడ మీదికి పోయాయి. మాట ఎక్కడో జారిపోయింది, దాన్నే వెతుక్కుంటోంది. ఆ వెతుకులాట నాకు తెలిసినంతగా ఈ భూమి మీద ఎవరికీ తెలియదు. ఆమె చెప్పాలనుకున్నది కూడా తెలుసు. తెల్లబోర్డు. రెండేళ్ళకి ఎనిమిది, మూడు వారాలకి పదకొండు. రెండే రెండు అంకెలు, నా నాలుక చివర ఉన్నాయి.

మేనేజరు ఓనరమ్మ వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. “చూశారుగా మేడమ్. ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేని మనిషికి కళ్ళ పని ఎలా అప్పగిస్తాం?”

ఓనరమ్మ నా వైపు చూసింది. “మీరు సీనియర్ కదా. మీరేమైనా చెబుతారా?”

నా జన్మలో నన్ను మాట్లాడమని అడిగినవాళ్ళు ఎంతమంది? నోరు తెరిచాను. పక్కన పిడుగు కదల్లేదు, నన్ను చూడలేదు. ఇంకా గోడ మీదే వెతుక్కుంటోంది. అది ఆమె మాట. ఆమె దాకా రానివ్వాలి. నోరు మూసి, తల అడ్డంగా ఊపాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బాధతో కాదు, కోపంతో.

ఎంతసేపో తెలియదు. అప్పుడు పిడుగు అంది:

“మధ్యలో ఎవరైనా మాట్లాడితే నాకు మాట పోతుంది మేడమ్. అది నా జబ్బు. ఎదుటివాళ్ళు చెబుతుండగా మధ్యలో మాట్లాడటం ఈయన జబ్బు కాదు, అలవాటు. నా జబ్బుతో ఎంత నష్టమో, ఈయన మా మధ్యలో చెక్క అడ్డం పెట్టడంతో ఎంత నష్టమో కింద బోర్డు మీద ఉంది. నేను చెప్పాలనుకున్నది అదే. మీరే వచ్చి చూడండి.”

ఓనరమ్మ లేచింది. మెట్లు దిగి వర్క్‌షాపులోకి వచ్చి, మెడలోని జోడు పెట్టుకుని బోర్డు చదివింది. మా టేబుల్ కింద ప్లైవుడ్‌కి ముందు ఎనిమిది, తర్వాత పదకొండు. చెక్క దగ్గరికి వచ్చి కాగితం చదివింది. మేకుల్ని వేలితో తడిమింది.

“ఇది తీయించండి” అంది మేనేజరుతో. “ఈ అమ్మాయి ఇక్కడే చేస్తుంది. నెల రోజులు చూస్తాను. తప్పులు తగ్గకపోతే ఇద్దరూ ప్యాకింగ్‌కి వెళ్ళాలి.”

నెల రోజుల షరతు! పక్క టేబుల్ పందొమ్మిది తప్పులు చేసింది, వాళ్ళకి ఏ షరతూ లేదు. మేం మాత్రం నెలకోసారి మనుషులమని రుజువు చేసుకోవాలి. అది అనడానికి కూడా ఆ రోజు నాకు అనుమతి లేదు. మిగతా ఆరుగురూ మిషన్లు ఆపి చూస్తున్నారు. మేనేజరు వడ్రంగికి ఫోన్ చేశాడు. అతను మర్నాడు వస్తానన్నాడట. నేను డ్రాయర్లోంచి కట్టింగ్ ప్లేయరు తీసి నాలుగు మేకులూ నేనే లాగేశాను. అది మాట్లాడటం కింద రాదు.

సాయంత్రం ఇద్దరం కలిసే బయటికొచ్చాం. నేను పొంగిపోతున్నాను. పిడుగు పొంగిపోవడం లేదు.

“నిన్ను క్షమించేశాననుకోకు” అంది.

“అనుకోను.”

“నాకు ఇంకా కోపంగా ఉంది. చాలా.” నాలుగడుగులు వేశాక మళ్ళీ అంది, ఈసారి కొంచెం దిగులుగా. “కానీ నా సంగతి నాకు తెలుసు. రేపు పొద్దున్నకి మర్చిపోతాను. ఏదీ నిలవదు కదా నాకు, కోపం కూడా నిలవదు. అందరూ దాన్ని చూసి పాపం మంచి పిల్ల అంటారు. మర్చిపోతే నువ్వే గుర్తుచెయ్యి.”

“సరే” అన్నాను. చెప్పినంత తేలికేనా అది!

మర్నాడు పొద్దున నేను ముందే వచ్చి కూర్చున్నాను. టేబుల్ మధ్యలో నాలుగు మేకుల గుంటలు తప్ప ఏమీ లేదు. తొమ్మిదీ పదికి పిడుగు సుడిగాలిలా వచ్చింది. సంచీలోంచి టీవీ రిమోటు తీసి పైకెత్తి చూపిస్తూ పగలబడి నవ్వుతోంది.

“చూడక్కా! ఫోననుకుని ఇది పట్టుకొచ్చాను! బస్సులో ఎంతసేపు నొక్కానో తెలుసా!”

నాకూ నవ్వొచ్చింది. నాలుగు వారాల తర్వాత ఆ ముఖాన్ని ఎదురుగా, మధ్యలో ఏ అడ్డూ లేకుండా చూస్తున్నాను. నిజంగానే మర్చిపోయింది. శుక్రవారం, బస్టాపు, అట్టపెట్టెలు, ఏవీ ఆ ముఖంలో లేవు. నేను ఊరుకుంటే సరిపోయేది. నవ్వి, రిమోటు గురించి నాలుగు మాటలంటే, ఆ కోపం ఇక ఎప్పటికీ ఆమెకి దొరికేది కాదు. నా తప్పు కూడా దాంతోపాటే పోయేది.

కానీ అది ఆమెది. ఆమె పారేసుకున్నది నాకు దొరికితే, నేను ఉంచేసుకుంటానా?

“ఏమే” అన్నాను. “నీకు నా మీద కోపం.”

ఆమె నవ్వు మధ్యలో ఆగిపోయింది. రిమోటు దించింది. ఒక్కొక్కటే గుర్తొస్తుంటే ఆ ముఖం మారడం నేను చూశాను, చూడకుండా తల తిప్పుకోలేదు.

“అవును కదా” అంది నెమ్మదిగా.

స్టూలు లాక్కుని, నా వైపు చూడకుండా కూర్చుంది. మొదటి ట్రే ముందుకి జరుపుకుంది. మధ్యాహ్నం దాకా మేం అంకెలు తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు.